పుర్రచేతి ఒర

మలాజ్‌లో అబూ నాయిఫ్ ఇంటి డ్రైవరు అబ్దుల్ ఘనీని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, జీతం ఎగ్గొట్టలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే సౌదీ కథ అనగానే మనవాళ్ళు కళ్ళు ఒత్తుకోవడానికి కొంగు సిద్ధం చేసుకుంటారు. ఘనీకి వచ్చిన కష్టం అలాంటిది కాదు. అతన్ని వీసా ఇచ్చి తెచ్చుకున్న కఫీల్ మంచివాడు. మరీ మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఘనీది రాయచోటి. దూదేకుల ఇల్లు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. పేరుకు డ్రైవరే గానీ చలికాలం వచ్చిందంటే అతని అసలు కొలువు వేరే. అబూ నాయిఫ్ స్నేహితులను వెంటేసుకుని అల్ ఖర్జ్ అవతల ఎడారిలో గుడారం వేస్తాడు. అక్కడ పొట్టేలును కోసి, తోలు ఒలిచి, కబ్సా అనే మాంసపు అన్నం వండి పెట్టేది ఘనీయే. బిస్మిల్లా చెప్పి కుడిచేత్తో కోస్తాడు. అది నాయనమ్మ మహబూబ్బీ నేర్పిన మర్యాద. చిన్నప్పుడు ఎడమచెయ్యి ముందుకొచ్చినప్పుడల్లా ఆవిడ గరిటెతో ఒకటి వేసేది. కోయడం అయిపోయాక మాత్రం కత్తి తనంతట తానే ఎడమచేతిలోకి వెళ్ళిపోయేది. ఆ పుర్రచేయి తోలు ఒలుస్తుంటే గుడారంలో మాటలు ఆగిపోయేవి.

నాయనమ్మ నేర్పింది ఇంకొకటి కూడా ఉంది. ఉప్పూ కత్తీ చేతికి చెయ్యి ఇవ్వకూడదు, ఇస్తే ఇద్దరికీ తగాదా వస్తుంది. కొత్తలో ఒకసారి అబూ నాయిఫ్ కత్తి అందించబోతే ఘనీ చేతులు వెనక్కి తీసుకున్నాడు. "కింద పెట్టండి బాబా, చేతికిస్తే మనిద్దరికీ కొట్లాట వస్తుంది" అన్నాడు. గుడారం గుడారమంతా నవ్వింది. అబూ నాయిఫ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే కత్తిని చాప మీద పెట్టాడు. ఆనాటి నుంచీ ఎన్నడూ మరిచిపోలేదు. అలాంటి మనిషి.

ఇప్పుడు ఘనీ ఇంటికి వెళ్ళిపోవాలి. సెలవు మీద కాదు, మళ్ళీ తిరిగి రాకుండా, ఫైనల్ ఎగ్జిట్ మీద. రాయచోటి బస్టాండు పక్కన ఒక గది ఖాళీ అయింది. అందులో మటన్ కొట్టు పెడదామని భార్య సుగ్రా బేగం పట్టుబట్టింది. రంజాన్ నెల పొడుపు దాకా ఆగుతానని, ఆ తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తానని గది యజమాని ఖరాఖండిగా చెప్పాడు. ఎగ్జిట్ కావాలంటే అబూ నాయిఫ్ తన ఫోన్‌లో ఒక మీట నొక్కాలి. అంతే పని. ఆ మీట దగ్గరికే ఆయన వేలు వెళ్ళదు.

మొదటిసారి అడిగితే "ఇన్షాఅల్లా" అని కొత్త ఫోన్ కొనిచ్చాడు. రెండోసారి అడిగితే సుగ్రాను రప్పించి, భార్యాభర్తలిద్దరినీ ఉమ్రా యాత్రకు పంపించాడు. ఉమ్రా చేయించిన మనిషి దగ్గరికెళ్ళి "నన్ను వదిలేయి" అనడానికి నోరెలా వస్తుంది? ముందరికాళ్ళకు బంధం వేయడమంటే ఇదే. కాకపోతే ఈ తాడు పట్టుతో పేనింది. ఈ చలికాలం మొదట్లో గుండె దిటవు చేసుకుని మళ్ళీ అడిగాడు. "ఇన్షాఅల్లా" అన్నాడు అబూ నాయిఫ్. ఘనీ బెల్లం కొట్టిన రాయిలా నిలబడి వచ్చేశాడు.

వారం తిరక్కముందే అబూ నాయిఫ్ పిలిచాడు.

"ఘనీ, బజారుకెళ్ళి కొత్త కత్తి ఒకటి తీసుకో. మంచిది చూడు. దానికి తోలు ఒర కుట్టించు."

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఘనీకి ముందు హంసా అనే మలయాళీ పనిచేశాడు. హంసా వెళ్ళిపోయే ముందు అతని చేతే కొత్త కత్తి కొనిపించారు. పాత మనిషి పాత కత్తిని తనతో తీసుకెళ్ళాడు, కొత్త కత్తి కొత్తగా వచ్చిన ఘనీ నడుముకెక్కింది. కొత్త కత్తి అంటే కొత్త మనిషి. ఘనీ ఆ సాయంత్రమే సుగ్రాకు ఫోన్ చేశాడు.

"యోవ్, నిజమేనా? నోటితో సెప్పినాడా పొమ్మని?"

"నోటితో సెప్పేదేముందే. కత్తి కొనమన్నాడు. హంసాకు గూడా ఇట్లనే జరిగింది."

"అట్లయితే రేపే ఆ గదికి సున్నం కొట్టిస్తా."

"కొట్టియ్యి. బోర్డు గూడా రాపియ్యి."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అయినా వాళ్ళను ఏమనగలం? ఆశకు అంతకంటే పెద్ద ఆనవాలు ఎన్నేళ్ళుగానో దొరకలేదు.

గుడారాలూ గ్యాసు పొయ్యిలూ అమ్మే దుకాణంలో ఘనీ పెళ్ళికొడుకును ఎంచినట్టు కత్తిని ఎంచాడు. మొన నుంచి పిడి చివరిదాకా ఒకే ఉక్కు ఉండాలి. తోలు ఒలిచేటప్పుడు మాంసంలోకి దిగబడకుండా అంచు కొంచెం వంపు తిరగాలి. కొవ్వు అంటినా పిడి జారకూడదు. ముంజేతి మీద వెంట్రుకలు గీరి చూశాడు. తన తర్వాత వచ్చేవాడెవడో గానీ, వాడి మీద అప్పుడే అభిమానం పుట్టుకొచ్చింది. వాడు సుఖంగా పనిచేసుకోవాలి, తనను తిట్టుకోకూడదు.

అక్కడి నుంచి ముల్తాన్ ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాడు. ఆయన అబూ నాయిఫ్ ఇంటికి చెప్పులూ జీనులూ కుట్టే పాకిస్తానీ ముసలాయన. కత్తిని కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీశాడు. "ఏ చేతికి?" అని ఉర్దూలో అడిగాడు. ఒర ఏ పక్క వేలాడాలో, పట్టీ బొత్తాం ఏ బొటనవేలికి అందాలో దాన్నిబట్టే ఉంటుంది.

"కుడిచేతికి" అన్నాడు ఘనీ. వచ్చేవాడు కుడిచేతివాడే అయ్యుంటాడు. లోకమంతా కుడిచేతివాళ్ళే కదా.

చెప్పిన రోజుకు వెళ్తే ఉస్తాద్ ఒర తీసి ముందు పెట్టాడు. నూనె పట్టించిన దళసరి తోలు, తేనెరంగు, చేతికుట్టు. ఘనీ తిప్పి చూశాడు. బొత్తాం రెండో పక్కన ఉంది.

"తప్పు కుట్టావు ఉస్తాద్. ఇది ఎడమచేతికి."

"తప్పేం లేదు భాయ్. మీ షేఖ్ ఫోన్ చేశాడు. 'ఘనీ కుడిచేతికని చెప్పుంటాడు, నువ్వు వినకు. వాడు తనకంటూ ఏదీ అడగడు. అది వాడికే. వాడిది ఎడమచేతివాటం. చాలా ఏళ్ళు వాడతాడు, తోలు మందంగా వెయ్యి' అన్నాడు. అదృష్టవంతుడివి."

ఘనీ కత్తిని ఒరలో దోపి బెల్టుకు తగిలించాడు. చెయ్యి కిందికి వదిలితే వేళ్ళు సరిగ్గా పిడి మీద వాలాయి. బొటనవేలు వెతుక్కోకుండానే బొత్తాం దగ్గరికి వెళ్ళింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ చేతికి దెబ్బలే గానీ ఎవరూ ఏదీ చేయించి పెట్టలేదు. తల్లి చేయించలేదు, కట్టుకున్నది చేయించలేదు. ముందు సంతోషం వేసింది. అంత సంతోషం వేసినందుకు సిగ్గేసింది. ఆ తర్వాత 'చాలా ఏళ్ళు' అన్న మాట చెవిలో పడింది. ఇంటికెళ్ళే దారిలో సుగ్రా పంపిన ఫోటో వచ్చింది. గది తెల్లగా మెరిసిపోతోంది. ద్వారం మీద ఎర్రరంగుతో అతని పేరు ఉంది.

శుక్రవారం నమాజు తర్వాత ఎడారిలో గుడారం వేశారు. అబూ నాయిఫ్ కత్తినీ ఒరనూ అడిగి తీసుకుని స్నేహితులందరికీ చూపించాడు. "చూడండి, నా ఘనీ కోసం. ఈ చేతులు నా ఇంటివి" అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. ఘనీ ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆ జనం మధ్య అడగకపోతే ఇక ఎప్పటికీ అడగలేనని అతనికి తెలుసు.

"బాబా, నా ఎగ్జిట్?"

అబూ నాయిఫ్ ముఖం చిన్నబోయింది. కోపం మాత్రం రాలేదు. కొంచెం కోపం వచ్చినా బాగుండును.

"నా ఇంట్లో నీకేం తక్కువైంది ఘనీ? చెప్పు, ఇప్పుడే చేయిస్తా."

ఘనీ అప్పుడు జీవితంలో ఎన్నడూ చేయని పని చేశాడు. కుడిచెయ్యి చాచాడు. కత్తి అరచేతిలో పెట్టమన్నట్టు, చేతికి చేతికే ఇమ్మన్నట్టు. నాయనమ్మ మాటే నిజమైతే తగాదా రావాలి. తిట్టుకోవాలి, అరుచుకోవాలి, "పో నా ఇంట్లోంచి" అని ఆ పెద్దమనిషి ఒక్కసారి అనాలి.

అబూ నాయిఫ్ ఆ చేతిని చూశాడు. ముఖం విప్పారింది. ఘనీ మరిచిపోయాడనుకున్నాడు పాపం.

"లేదు లేదు. మనకు కొట్లాట రాకూడదు" అంటూ వంగి, కత్తిని ఒరతో సహా జాగ్రత్తగా చాప మీద పెట్టాడు.

పొట్టేలు మేకుకు కట్టేసి ఉంది. నిప్పు రాజుకుంది. ఘనీ వంగి చాప మీది కత్తి తీసుకుని నడుముకు కట్టుకున్నాడు.