అమ్మవారి దగ్గర బ్రేకు కడ్డీ

బస్తర్ సంస్థానం రోజుల్లో, బ్రేకు విరిగిన లారీ ఒకటి మా బావ కాలు విరగ్గొట్టింది. బావే అడ్డొచ్చాడని లారీ యజమాని వాదన. లారీ నుంచి ఊడిపడితే మావాళ్లు ఇంటికి తెచ్చిన ఆ విరిగిన బ్రేకు కడ్డీ చూపిస్తేనే దావా నిలబడుతుందన్నాడు జగదల్‌పూర్ వకీలు. నేను కాలుగాలిన పిల్లిలా ఊరికి పరుగెత్తాను.

"కడ్డీ ఏదత్తా?" అని బావ తల్లిని అడిగాను.

"నెత్తురు తాగిన ఇనుమును ఇంట్ల పెట్టుకుంటరా? అమ్మోరికి అప్పజెప్పిన."

"తెచ్చేస్తాను."

"ఏందీ! ఇచ్చింది మళ్ల గుంజుకుంటే నీ కాలు గూడ పోతది."

పొద్దుగూకేదాకా గుడి చుట్టూ తిరిగాను కానీ గడప దాటే ధైర్యం రాలేదు. గుళ్లో ఉన్న ఇనుప సాక్షి కదలనంటోందని వకీలుకు కబురుపెట్టాను.

చివరికి కోర్టు అధికారే కొబ్బరికాయతో వచ్చి, పసుపు పూసిన కడ్డీని చూసి వెళ్లాడు. దావా నిలబడింది. బావ మాత్రం కర్ర సాయంతో నిలబడ్డాడు.