పేరిన నూనె, పట్టేసిన జిప్పు

మా మావయ్య పోయారు. ఆయన్ని తలుచుకుని కూర్చుంటే ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఎందుకంటే నా ఒళ్ళో ఆయన తోలు జాకెట్టు ఉంది. దాని జిప్పు సరిగ్గా గుండెల దగ్గర పట్టేసింది. అప్పటికి పెద్దకర్మ ఇంక రెండు రోజులే ఉంది.

మావయ్య అంటే మా ఆయన తండ్రి. పద్మనాభం దగ్గర వరిపొలం అన్నదమ్ములకు వదిలేసి, స్టీలు ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి గాజువాకలో స్థిరపడ్డ మనిషి. ఉక్కపోతతో చచ్చే ఈ ఊళ్ళో తోలు జాకెట్టేమిటని మీకు అనిపిస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలో నాకూ అనిపించింది. చలికాలం తెల్లారగట్ల స్కూటరు మీద డ్యూటీకి వెళ్తుంటే గాలి గుండెకు కొడుతుందని, వన్ టౌన్‌లో ఓడల మీద వచ్చిన పాత సరుకు అమ్మే కొట్లో కొన్నారట. "ఏ దేశపు తోలో తెల్దు గానమ్మా, మనకంటే ఎక్కువే తిరిగొచ్చింది" అని గొప్పగా చెప్పేవారు.

అంత తిరిగొచ్చిన జాకెట్టు మా ఉప్పుగాలికి మాత్రం తట్టుకోలేకపోయింది. జిప్పు మొరాయించడం మొదలుపెట్టింది. దానికి మావయ్య కనిపెట్టిన వైద్యం కొబ్బరినూనె. వద్దు మావయ్యా, దుమ్ము పడుతుందని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! "తలకి పనికొచ్చింది, మోకాలికి పనికొచ్చింది, సైకిల్ చైనుకీ పనికొచ్చింది. జిప్పుకేటి రోగం?" అనేవారు.

ఎండాకాలంలో బీరువాలోంచి తీసి, నన్ను పిలిచి మరీ చూపించేవారు. "సూడు, ఎలగ జారతందో! నా నూనెని ఒట్టినే ఆడిపోసుకుంటావు." నిజమే, మే నెలలో వెన్నలా జారేది. మే నెలలో తోలు జాకెట్టు ఎవరికి కావాలండీ? డిసెంబరు రాగానే సీసాలో నూనె గడ్డకట్టేది, జిప్పులో నూనె కూడా గడ్డకట్టేది. కావలసిన రోజుల్లోనే రాని జిప్పు అది. ఈ ముక్క ఎంత విడమరిచి చెప్పినా ఆయన తలకెక్కలేదు. మళ్ళీ నూనె రాసేవారు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

రోజూ పొద్దున్న మా గేటు దగ్గర అదే భాగోతం. వెనక సీటులో ఎక్కే స్నేహితుడు ఒకాయన ఉండేవారు, అదే షిఫ్టు. చుట్టం కాదు గానీ ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు, నేను బాబాయ్ అంటాను. ఆయన గేటు పట్టుకుని నిలబడి కేకేసేవారు.

"అయిందేటి బావా? సైరన్ కొట్టీసీలా ఉన్నాడు!"

"వత్తాది బావా, కంగారెట్టకు."

రిటైరయ్యాక కూడా ఇద్దరూ అదే స్కూటరు మీద చేపలకని, టీకని పోయేవారు. అప్పుడూ అదే కేక, అదే జవాబు. ఆ జిప్పు మీద ఇంకెవరి చెయ్యీ పడనిచ్చేవారు కాదు. "లాగితే తెగిపోద్దమ్మా. ముందుకి రాపోతే కూసింత ఎనక్కెల్లి మళ్ళీ రావాల" అనేవారు. నేనూ మా ఆయనా మాటలు మానుకున్న ఒక వారం, అన్నం దగ్గర మా ఇద్దరి మధ్యా పీట వేసుకుని కూర్చుని మళ్ళీ అదే మాట అన్నారు. జిప్పు గురించే అన్నట్టు, కంచంలోకి చూస్తూ.

కార్తీకం వెళ్ళాక ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పట్టేసింది. సగం పలికి ఆగిపోయేవారు. నేను తొందరపడి మిగతాది అందించబోతే ఎడమ చెయ్యి అడ్డం పెట్టి, మళ్ళీ మొదటి అక్షరం నుంచి వచ్చేవారు. ఒక మధ్యాహ్నమంతా పట్టింది, ఒక్క మాట పూర్తవడానికి. "జాకెట్టు... బావకి." ఆయన మమ్మల్ని అడిగిన ఆఖరి కోరిక అది.

అందుకే ఆ తిప్పలు. అత్తయ్య పట్టు పట్టింది. "పాడైన వస్తువు సేతిలో ఎట్టకూడదమ్మా. ఆయన ఇత్తన్నట్టుండాల." టైలరు పాత జిప్పు పీకేసి కొత్తది వేస్తానన్నాడు. ఆయన చెయ్యి పడ్డ జిప్పు పీకుతావా అని అత్తయ్య జాకెట్టు లాక్కొచ్చేసింది. కొవ్వొత్తి రుద్దాను, సబ్బు రుద్దాను, పెన్సిలు రుద్దాను. మా ఆయన పటకారు తెస్తే పటకారునీ ఆయన్నీ కలిపి బయటికి పంపించాను. గోళ్ళు విరిగాయి. "చెప్పానా మావయ్యా, చెప్పానా నూనె వద్దని!" అని జాకెట్టుని పట్టుకుని కేకలేశాను. అప్పుడొచ్చింది ఏడుపు.

వంటింట్లోంచి అత్తయ్య వచ్చి జిప్పు తడిమి చూసింది. "నూనె పేరితే ఏటి సేత్తాం? ఎండలో ఎట్టు" అంది.

పిట్టగోడ మీద పెట్టాను. ఎండెక్కేసరికి జిప్పు పళ్ళ మధ్య నుంచి నల్లటి నూనె కారడం మొదలైంది. పాత చీరముక్కతో తుడుస్తూ, కొంచెం వెనక్కి, కొంచెం ముందుకి. సాయంత్రానికి కదిలింది. బ్రష్షు పెట్టి నూనె జాడ లేకుండా తోమేశాను. ఇక ఏ డిసెంబరులోనూ పట్టేయదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక అత్తయ్య జాకెట్టు ఇచ్చింది. బాబాయ్ వేసుకుని, గేటు దగ్గరికి నడిచి, మావయ్య లాగే ఊపిరి బిగబట్టి జిప్పు లాగారు. ఒక్క లాగుకి మెడదాకా వచ్చేసింది. మెచ్చుకుంటారని చూస్తున్నాను. ఆయన మొహం వాడిపోయింది.

"ఇదేటమ్మా, ఇలగొచ్చీసింది?"

"బాగు చేశాను బాబాయ్."

"ఈ గేటు కాడ నిలబడి బావని నాలుగు తిట్టందే నాకు తెల్లారీది కాదమ్మా. ఇప్పుడు నాను ఎవులికోసం ఆగాల?" జిప్పు కిందికి లాగారు, పైకి లాగారు. అది జారుతూనే ఉంది. "కూసింత నూనె రాయమ్మా" అన్నారు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నా గోళ్ళు చూడండి బాబాయ్! మళ్ళీ నూనా?" అని అరిచాను. ఆయన జిప్పు వదిలేశారు. తల వంచుకుని గేటు పట్టుకుని నిలబడ్డారు. నేను విసవిసా లోపలికి వెళ్ళి సీసా తెచ్చి తలకిందులు చేశాను. చుక్క రాలేదు. గడ్డ కట్టేసి ఉంది.

సీసాని తీసుకెళ్ళి ఎండ పడే మెట్టు మీద పెట్టాను. బాబాయ్ జాకెట్టు విప్పి దాని పక్కన పరిచి, తనూ కూర్చున్నారు. అత్తయ్య వచ్చి కూర్చుంది. చీర సర్దుకుని నేనూ కూర్చున్నాను.

"కరగడానికి చాలాసేపు పడుతుంది" అన్నాను, ఇంకా కోపంగానే.

"వత్తాదమ్మా," అన్నారు బాబాయ్ సీసా వైపే చూస్తూ, "కంగారెట్టకు."