కృపారావుగారి డీజిలు ముల్లు

మా ఆయన పేరు బసవలింగం. రేపల్లెలో ఆ పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు. ఐసు బండి లింగం అంటే మాత్రం మా గుమ్మం దాకా తీసుకొచ్చి దిగబెడతారు. చీరాల పక్క మగ్గాల ఇంట్లో పుట్టి, నేత వదిలేసి, పంతొమ్మిదివందల యాభైతొమ్మిదిలో స్టీరింగు పట్టుకున్నాడు. మగ్గం వదిలినా మగ్గం దగ్గర అలవాటైన ఓపిక వదల్లేదు. నేను పది మాటలంటే ఆయన ఒకటి అనేవాడు. ఆ ఒక్కటీ "చూద్దాంలే" అయ్యేది. ఇలాంటి మనిషితో కాపురానికి ఆడదానికి రెండు నోళ్ళు కావాలి. దేవుడు నాకు ఒక్కటే ఇచ్చి, దాంతోనే రెంటి పనీ చేయించుకున్నాడు.

ఆయన నడిపే బండి చేపల వ్యాపారి కృపారావుగారిది. మిలటరీవాళ్ళు ఇక మా వల్ల కాదు బాబోయ్ అని వేలానికి పెడితే, ఈయన వజ్రం దొరికినట్టు కొనుక్కొచ్చిన పెద్ద పికప్పు వ్యాను. రోజూ చీకటితోనే రేపల్లెలో బయల్దేరి, తెనాలిలో ఐసు దిమ్మలు ఎక్కించుకుని, బాపట్ల వైపు రేవుల్లో దించి, అక్కడి చేపల బుట్టలతో మధ్యాహ్నానికి మళ్ళీ రేపల్లె చేరాలి. దాన్ని ఒక రౌండు అనేవారు. దారిలో బండి ఆగిందా, ఐసు నీళ్ళవుతుంది, చేప కంపవుతుంది, కృపారావుగారి నోరు అంతకన్నా కంపవుతుంది. అయితే పదిహేనేళ్ళలో డీజిలు అయిపోయి మా ఆయన బండి ఆగింది అన్న మాట ఎవరూ అనలేదు. ఆయనకి ఊళ్ళో పొలం లేదు, పుట్ర లేదు. ఉన్నదల్లా ఆ పేరే.

ఆ పేరు ఎలా నిలబెట్టాడంటే, ఒక వెదురు పుల్లతో. బండిలో మీటర్లన్నీ మిలటరీలోనే ప్రాణాలు వదిలాయి. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తెలీదు, ఎంత వేగమో తెలీదు. ట్యాంకు మూత తీసి, పుల్ల దించి, తడి ఎక్కడిదాకా ఉందో చూసి, "బాపట్ల దాకా వస్తుంది" అనేవాడు. వచ్చేది. పుల్ల మీద చాకుతో పెట్టిన గంట్లు ఆయనకి తప్ప ఇంకెవరికీ అర్థమయ్యేవి కావు.

ఇంతలో డెబ్బైనాలుగు వచ్చింది. డీజిలు ధర చుక్కల్లోకెక్కింది, బంకుల్లో ఉంటే ఉంది, లేకపోతే లేదు. కృపారావుగారికి రాత్రికి రాత్రే జ్ఞానం పుట్టింది. దొరికిన రోజునే ఎక్కువ పోయించుకోవాలంటే పెద్ద ట్యాంకు ఉండాలి. తెనాలిలో వెల్డింగు షాపు అంకారావుని పిలిపించి, రేకుతో కొత్త ట్యాంకు చేయించాడు. బండి కింద స్ప్రింగు పట్టీలు అడ్డొస్తున్నాయని అంకారావు దాన్ని పైసగం వెడల్పుగా, కిందిసగం ఇరుకుగా కోసి అతికాడు. పైన బొజ్జ, కింద సన్న కాళ్ళు, అచ్చం కృపారావుగారే. మూతి పక్కకి వంచి పెట్టాడు కాబట్టి ఇక వెదురు పుల్ల లోపలికి దూరదు. "పుల్లలెందుకయ్యా, మనమేమన్నా రాతియుగంలో ఉన్నామా?" అని కృపారావుగారు డ్రైవరు ముందు కొత్త మీటరు కూడా పెట్టించాడు. లోపల బిరడా తేలుతుంది, బయట ముల్లు తిరుగుతుంది. నిండు, సగం, ఖాళీ. చదువు రానివాడికి కూడా తెలిసిపోతుందట.

తెలిసిపోయింది, నిజమే. నెల తిరక్కుండా కృపారావుగారు మా ఆయన దొంగ అని తెలుసుకున్నాడు.

సంగతేంటంటే, ఆయన పనులన్నీ మానుకుని క్యాబినులో ఎక్కి ముల్లుకి ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టాడు. నిండు నుంచి సగానికి రావడానికి బండి దాదాపు రెండున్నర రౌండ్లు తిరిగేది. సగం నుంచి ఖాళీకి ఒక్క రౌండులో పడిపోయేది. ఇంకో వింత, బుట్టలతో మంగాయమ్మా, మిగతా చేపలమ్మే ఆడవాళ్ళూ వెనక ఎక్కితే బండి వెనక్కి కుంగి ముల్లు కాస్త లేచేది. కృపారావుగారు ముందు కూర్చుంటే దిగేది. ఈయన ఎక్కితే డీజిలు తగ్గుతోంది, ఆడవాళ్ళెక్కితే పెరుగుతోంది. దీన్ని చూసైనా బుద్ధున్నవాడికి ముల్లు మీద అనుమానం రావాలి. ఈయనకి డ్రైవరు మీద వచ్చింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం కొట్టు ముందు పది మందిలో అడిగేశాడు. నేను అప్పుడే మా గేదెల పాలు పోయడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను.

"లింగం, పై సగానికి రెండున్నర రౌండ్లు వచ్చే బండి, కింది సగానికి ఒక్క రౌండే రావడమేంటయ్యా? మిగతాది ఎవరు తాగుతున్నారు?"

"ట్యాంకు కింద ఇరుకండి" అన్నాడు మా ఆయన.

"ఇరుకైతే? సగమంటే సగమే కదా! ఇరుగ్గా ఉంటే సగం తగ్గిపోద్దా?"

"తగ్గుద్దండి."

"విన్నారా! సగం తగ్గుద్దంట!" అని అందరికేసీ తిరిగి నవ్వాడు. అందరూ నవ్వారు. వాళ్ళలో ఒక్కడికీ ఏం అర్థం కాలేదని నాకు తెలుసు, ఎందుకంటే నాకూ అర్థం కాలేదు.

"బంకు చీట్లు చూడండి, ఎంత పోయించానో ఉంటది" అన్నాడు మా ఆయన.

"చీటీల్దేముంది, బంకువాడితో టీ తాగితే ఎంతంటే అంత రాసిస్తాడు. ముల్లు టీ తాగదు గదా!" అని కృపారావుగారు నా వైపు తిరిగాడు. "ఏమ్మా మహాలక్ష్మీ, ఇంట్లో దానివి, నీకు తెలీకుండా ఉంటుందా? నువ్వే చెప్పు."

ఇక్కడ నా సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. అప్పటికి ఇరవై రోజులుగా మా గేదెల పాకలో, గడ్డిమోపుల వెనక, ఐదు లీటర్ల డీజిలు డబ్బా ఒకటి ఉంటోంది. సాయంత్రం మా ఆయన దాన్ని గోనెపట్టా కప్పి తెచ్చి అక్కడ పెట్టడం నా కళ్ళతో చూశాను. అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. రోజంతా ఊరి మీద నోరు పారేసుకునే నేను, అడగాల్సిన ఆ ఒక్క మాట దగ్గర నోరు కుట్టేసుకున్నాను.

కృపారావుగారు అడిగినప్పుడు "మా ఆయన అలాంటివాడు కాదండి" అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నేను అనలేదు. నా కళ్ళు వాటంతటవే మా ఇంటివైపు, పాకవైపు వెళ్ళాయి. మా ఆయన నన్నే చూస్తున్నాడు. ఆ చూపు చూశాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు.

"ఆదివారం దాకా చూస్తాను. ఒప్పుకుంటే సరి, లేదంటే తాళం ఇచ్చేసి వెళ్ళు. దొంగని పెట్టుకున్నానని బాపట్ల, తెనాలి అంతా చెప్పి మరీ పంపిస్తాను" అన్నాడు కృపారావుగారు.

ఆ రెండు రోజులూ మా ఇంట్లో మాటల్లేవు. ఆయనెప్పుడూ మాట్లాడడు, ఈసారి నేనూ మాట్లాడలేదు, అదీ తేడా. పోయేది ఉద్యోగం ఒక్కటే అయితే మగ్గం దగ్గరికి పోవచ్చు. దొంగ అన్న పేరుతో ఈ మూడు ఊళ్ళలో ఎవడు తాళం చేతికిస్తాడు? శనివారం సాయంత్రం ఉండబట్టలేక నేనే కొట్టుకి వెళ్ళాను.

"అండీ, ట్యాంకు ఖాళీ చేయించి, మళ్ళీ లీటరు లీటరు కొలిచి పోయించండి. సగం ఎంతో, నిండు ఎంతో తేలిపోద్ది. నా పాల కొలతకి తూనికలవాళ్ళ ముద్ర ఉంది, దొంగ కొలతనడానికి లేదు" అన్నాను.

మొగుణ్ణి కాపాడ్డానికి వెళ్ళానని ఊరంతా మెచ్చుకుంది. ఎంత పతివ్రతో అంది. కానీ నాకు తెలుసు, నేను వెళ్ళింది నాకే తేల్చుకోవాలని.

ఆదివారం చర్చి వదలగానే కొట్టు ముందు తిరనాళ్ళే. ట్యాంకు అడుగున బోల్టు విప్పి ఉన్న డీజిలంతా దించారు. చాలనిది కొట్టు వెనక డ్రమ్ముల్లోంచి తెచ్చారు. కరువు రోజుల్లో ఆ డ్రమ్ములు ఎక్కడివని ఎవరూ అడగలేదు. పెద్దమనుషులు దాచుకుంటే దాన్ని ముందుచూపు అంటారు కదా. కృపారావుగారు క్యాబిను బయట నిలబడి, తల లోపల పెట్టి ముల్లు చదువుతానన్నాడు. లోపల కూర్చుంటే ముల్లు దిగుతుందన్న సంగతి ఆయనకీ ఎక్కడో తగిలినట్టుంది. లెక్కపెట్టడం మంగాయమ్మ వంతు. రోజూ చేపలు లెక్కపెట్టే మనిషి, పొరబాటు పడదు. నా కొలతతో నేనే పోశాను.

మొదటి కొలత పోయగానే మంగాయమ్మ ధాన్యం కొలిచినట్టు ఒకటికి బదులు "లాభం" అంది. ఎవరికో చెప్పలేదు. "రెండు... మూడు... నాలుగు..."

ఇరవై అనేసరికి క్యాబినులోంచి కేక. "సగం! సగం వచ్చేసింది!" కృపారావుగారు తల బయటపెట్టి జనానికేసి చూశాడు. "ఇరవైకి సగమైతే నిండుకి నలభై. ఇంకేం కావాలయ్యా?" జనం తలలూపారు. నేను ఇంకో కొలత ముంచాను. మా ఆయన మాత్రం ఐసు తోడే పార మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు, ఎవరింటి పెళ్ళో చూస్తున్నట్టు.

"ఇరవయ్యొకటి..." అంటూనే ఉంది మంగాయమ్మ. ముప్పై దాటింది. నలభై అంది. నలభై పోశాక కూడా ముల్లు ముప్పాతికకి అందలేదు. యాభై. కృపారావుగారు ముల్లు ఇరుక్కుందేమోనని అద్దం మీద వేలితో కొట్టాడు. కొట్టినా కదల్లేదు. "యాభై ఐదు... అరవై..." జనంలో గుసగుసలు మొదలయ్యాయి. అరవై ఆరో కొలతకి ట్యాంకు మూతి దాకా వచ్చి నా చీర కుచ్చెళ్ళ మీద చిందింది. ముల్లు నిండులో నిలబడింది.

కింది సగం ఇరవై, పై సగం నలభై ఆరు. రెండూ సగాలే, కృపారావుగారి లెక్కలో.

"ఇంకేంటండీ, ఇరుగ్గా ఉంటే సగం తగ్గుద్దన్నమాట!" అంది మంగాయమ్మ తడి చేతులు దులుపుకుంటూ. ఈసారి జనం కృపారావుగారికేసి తిరిగి నవ్వారు. ఆయన దగ్గాడు, గొంతు సవరించుకున్నాడు, ఆకాశం చూశాడు. చివరికి "మీటరు బాగా లేనట్టుంది, అంకారావుగాడితో మాట్లాడాలి" అన్నాడు. మా ఆయనకేసి చూడకుండా, "రేపు పెందలాడే బయల్దేరు లింగం, ఐసు లేటయితే కష్టం" అన్నాడు. క్షమాపణ అంతే. అదే ఎక్కువ అనుకున్నట్టు వెంటనే లోపలికి పోయాడు.

"సరేనండి" అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మండటంలో సగం సంతోషమే. ఇంటికి నడుస్తూ, ఆ సంతోషంలోనే నోరు జారాను.

"ఏవండీ, మరి పాకలో ఆ డబ్బా?"

ఆయన ఆగాడు. "బాపట్లలో నా డబ్బుల్తో కొన్నాను. ఆ ముల్లు కింది సగంలో ఎప్పుడు కూలుద్దో తెలీదు. దారిలో ఆగకూడదని పొద్దున తీసుకెళ్ళి, సాయంత్రం తెస్తున్నా. అంతే."

పొద్దున తీసుకెళ్ళడం నేను చూడలేదు. ఆ వేళకి గేదె పొదుగు దగ్గర ఉంటాను. చూసిన సాయంత్రాలతోనే మొత్తం లెక్క కట్టేశాను.

"మరి నాకైనా చెప్పొచ్చు కదా!" అని గయ్యిమన్నాను. తప్పు నాదైనప్పుడు నా గొంతు ఇంకాస్త పెద్దదవుతుంది.

"నువ్వైనా అడగొచ్చు కదా" అన్నాడు. కాసేపు నడిచాక, నెమ్మదిగా, "కృపారావుగారు ముల్లుని చూసి దొంగన్నాడు. ఆయనకి ముల్లు తప్ప ఏం తెలుసు? నువ్వు పదిహేనేళ్ళు నన్ను చూసి కూడా పాకవైపు చూశావు" అన్నాడు.

నడిరోడ్డు మీద, డీజిలు కంపు కొట్టే చీరతో, ఏడుస్తూ ఇంటికొచ్చాను. ఆయన పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు, అన్నం తిన్నాడు, పడుకున్నాడు. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా నాకు హాయిగా ఉండేది.

దాని బదులు మర్నాటి నుంచి ఒక పని మొదలుపెట్టాడు. ఇంటికి ఏం తెచ్చినా చేతికిచ్చేటప్పుడు దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం. "వంకాయలు కొల్లిపరలో కొన్నా." "చేప మంగాయమ్మ ఇచ్చింది, వద్దన్నా వినలేదు." "ఈ తాడు పాతది, కృపారావుగారే తీసుకెళ్ళమన్నాడు, పక్కన గుమాస్తా ఉన్నాడు." వెటకారం కాదు. వెటకారమైతే నాకు తెలియదా, ఆ విద్యలో నేను ఆరితేరినదాన్ని. మామూలుగానే చెప్పేవాడు, పెట్టెలో పెట్టే ముందు సరుకు పేరు చెప్పినట్టు. "మీరు చెప్పక్కర్లేదండీ, నేనడిగానా?" అని ఎన్నిసార్లు బతిమాలానో, ఎన్నిసార్లు పోట్లాడానో. "ఉండనీలే" అనేవాడు.

ఐదేళ్ళయింది. మొన్న వేసవిలో తెనాలి నుంచి మూరెడు మల్లెపూలు తెచ్చాడు. నా చేతిలో ఆకు పొట్లం పెట్టి, నేనింకా విప్పకముందే, "కొన్నవే" అన్నాడు.