మామ సానబెట్టిన సీసం గుండ్లు

ఆ రోజుల్లో విమానం ఎక్కాలన్న ఆశ మాకెవరికీ లేదు, దగ్గర్నుంచి చూస్తే చాలనుకునేవాళ్లం. శంషాబాద్‌లో విమానాశ్రయం కొత్తగా తెరిచిన కాలం అది. ఆదివారం సాయంత్రమైతే బుద్వేల్ నుంచీ రాజేంద్రనగర్ నుంచీ జనం పిల్లాపాపలతో స్కూటర్ల మీద వచ్చి, రోడ్డు పక్కన దుప్పట్లు పరుచుకుని, దిగే ప్రతి విమానానికీ చేతులూపేవారు (లోపలివాళ్లెవరూ తిరిగి ఊపినట్టు నాకు గుర్తులేదు). మిర్చి బజ్జీల బండి పక్కనే మా మేనమామ దుకాణం. దుకాణమంటే ఒక చెక్క పలక, దానికి కట్టిన రంగురంగుల బుగ్గలు (బెలూన్లను మా వైపు బుగ్గలంటాం), ఒక గాలి తుపాకీ, దాని వెనక మీసాలతో మామ. పలక పక్కన నిలబడి, పగిలిన బుగ్గ చోట కొత్తది కట్టే పని నాది. అప్పుడు నేను డిగ్రీ మొదటి ఏడు, సైన్సు గ్రూపు. ఈ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేవాణ్ని.

బజార్లో దొరికే గుండ్లు మామకు నచ్చేవి కావు. పంక్చర్ షాపులో పారేసిన సీసం ముక్కలు తెచ్చి, మా అమ్మ పోపు గిన్నెలో కరిగించి, అచ్చులో పోసి సొంతంగా గుండ్లు చేసేవాడు. (ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి రాలేదు. తన తమ్ముడు కనబడ్డప్పుడల్లా అమ్మ దాని ఊసెత్తేది.) అక్కడితో ఆగినా బాగుండేది. ఒక్కో గుండునూ గరుకు కాగితం మీద దొర్లించి దొర్లించి, తళతళలాడేదాకా సానబెట్టేవాడు. "చూడురా, కంపెనీ మాల్ గూడ గిట్ల మెరువది" అని అరచేతిలో పెట్టి చూపించేవాడు.

గుండ్లు మెరిసేవి గానీ బుగ్గలు పగిలేవి కావు. నడిమి బుగ్గకు గురిపెడితే గుండు మూలకు పోయేది. "అన్నా, నీ తుపాకి వంకరుంది" అని జనం బజ్జీల బండి వైపు జరిగిపోయేవారు. ఒకరోజు తుపాకీ గొట్టాన్ని వెలుగుకు పెట్టి చూస్తే, లోపలి గీతలన్నిటికీ సీసం పూతలా అంటుకుని ఉంది. పేల్చిన ప్రతి గుండూ కాస్త కాస్త లోపలే వదిలి వెళ్తోందన్నమాట. చికిత్స నేను చేస్తానన్నాను. మామ నమ్మాడు, పాపం.

ముందు గుండ్లకు నువ్వుల నూనె రాశాను. పేల్చినప్పుడల్లా పొగా, పూరీల వాసనా వచ్చాయి గానీ సీసం కదల్లేదు. తర్వాత నాకు మా దేవుడి సామాన్లు గుర్తొచ్చాయి. ఇత్తడి కుందులు ఎంత నల్లబడ్డా చింతపండుతో తోమితే తళుక్కుమంటాయి కదా. గొట్టం నిండా చింతపండు పులుసు పోసి రాత్రంతా నానబెట్టాను. పొద్దున వంచితే ఎర్రటి నీళ్లు కారాయి. పులుసు రంగే అనుకుని సంతోషించాను. అది తుప్పు. గొట్టం ఇనుముదని మామ మెల్లిగా గుర్తుచేశాడు.

ఇదంతా ఇంకే ఆదివారం జరిగినా బాగుండేది, ఆ ఆదివారమే జరగాలా! కందుకూరులో ఒక పెళ్లిలో మామ ఒకమ్మాయిని చూసి మనసు పడ్డాడు. బుగ్గలు కొట్టించేవాడికి పిల్లనిచ్చేది లేదని అంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ వెనక్కిపోయాయి. ఈ పిల్ల తండ్రి ఒక్కడే, "దుకాణం జూసినంకనే మాట" అన్నాడు. చూడటానికి వచ్చేది ఆ సాయంత్రమే. మామ ఒక గుండు పెట్టి పేల్చి చూశాడు. లోపలికి పోయిన గుండు బయటికి రాలేదు. దాన్ని తీసే దారి వెతికేలోపే ఆటో వచ్చి ఆగింది.

పెద్దమనిషి మంచినీళ్లు కూడా ముట్టకుండా తుపాకీ అందుకున్నాడు. మామ ఇచ్చిన గుండు పెట్టి, "అగో, ఆ కొసకున్న ఎర్ర బుగ్గ" అని గురి చూశాడు. మామ నా వైపు చూశాడు. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది. నా చొక్కాకు గుండీ లేని చోట పిన్నీసు ఉండేది. తుపాకీ తుస్సుమన్న క్షణంలో ముందుకు వంగి ఎర్ర బుగ్గను పొడిచాను. పెద్దమనిషి తుపాకీ మూతి చూసుకున్నాడు, నన్ను చూశాడు, చాయ్ అడిగాడు. సంబంధం ఖాయమైంది.

పెళ్లయ్యాక ఆయన మొదటిసారి మా ఇంటికి వస్తూ సన్నటి ఇనుప చువ్వా, గిన్నెలు తోమే ఇత్తడి పీచూ తెచ్చాడు. (అప్పటికి ఆయన నాకు తాత వరసయ్యాడు, తుపాకీ ఇంకా మూలనే పడి ఉంది.) చువ్వతో పొడిచి ఇరుక్కున్న గుండ్లు రాల్చాడు. చువ్వకు పీచు చుట్టి గొట్టాన్ని తోముతుంటే సీసం రేకులు రేకులుగా ఊడొచ్చింది. తర్వాత మామ మెరుపు గుండు ఒకటి గొట్టంలో వేస్తే, జారి అవతల కిందపడింది.

"అల్లుడా, మెరుపు కోసమని అరగదీస్తివి, గుండు వదులైంది. పక్క పొంటి గాలి దూరుతది, గుండు సక్కగ పోక సీసం రాసుకుంట పోతది. గుండు గొట్టానికి పట్టి పోవాలె. పల్లికాయ చేనుకు పందులొస్తుండె గదా, నా లైసెన్సు తుపాకికి గుండ్లు నేనే పోసుకుంటుంటి. నేను గూడ గిట్లనే పరేషాన్ అయిన."

తర్వాత నా వైపు తిరిగాడు. "గుండు గీ గొట్టంలనే ఉండె. మరి ఆనాడు బుగ్గ ఎట్ల పలిగింది పిలగా?"

మామ గోడ చూశాడు. నేను, "ఎరుకైనంక గూడ పిల్లనెట్ల ఇచ్చినవ్ తాతా?" అన్నాను.

"తుపాకి ఖరాబైతే బాగు చేసుకోవచ్చు. మామ పరువు కోసం, పేలే తుపాకికి అడ్డం వంగేటోడున్న ఇంట్ల నా బిడ్డకు భయమేంది అనుకున్న."

నాకు కళ్లు చెమర్చాయి. గుండు రాదని ముందే తెలిసి వంగానని చెప్పాలనిపించింది. మామ వైపు చూస్తే, వద్దన్నట్టు మీసం కదిపాడు.

ఇప్పుడు ఆ రోడ్డు పక్కన ఎవరినీ ఆగనివ్వరు. మామ బుగ్గలు మానేసి బొమ్మల దుకాణం పెట్టాడు. తాత మాత్రం పెళ్లిళ్లలో కనబడితే, "తుపాకికి ఎదురు నిలవడ్డ పిలగాడు గీనే" అని అందరికీ చూపిస్తాడు. నేను ఛాతీ విరుచుకుని నిలబడతాను. బొజ్జ దగ్గర గుండీ మీద భారం పడుతుంది. ఎందుకైనా మంచిదని జేబులో ఇప్పటికీ ఒక పిన్నీసు పెట్టుకునే వెళ్తుంటాను.