సువార్త కుడికాలు

1997 జూన్‌లో నన్ను కంకిపాడుకూ ఉయ్యూరుకూ మధ్య ఉన్న ఒక ఊరి హైస్కూలుకు బదిలీ చేశారు. హోదా వ్యాయామోపాధ్యాయుడు. కాగితాల మీద అంత పెద్ద మాట రాసినా, జనం నోట్లో సర్వీసంతా డ్రిల్లు మాస్టారుగానే ఉండిపోయాను. లెక్కల మాస్టారు సెలవు పెడితే ఆయన పీరియడు నాకిచ్చేవారు. నేను సెలవు పెడితే నా పీరియడు లెక్కల మాస్టారికిచ్చేవారు. రెండు విధాలా నష్టపోయింది ఆటే.

చేరిన వారంలోనే గాయాల రిజిస్టరు ఒకటి తెరిచాను. తేదీ, పేరు, వయసు, ఆట, దెబ్బ తగిలిన చోటు, చేసిన వైద్యం, మళ్ళీ గ్రౌండులోకి దిగిన రోజు అని గళ్ళు గీశాను. ఆ రోజుల్లో చీలమండ బెణికితే ఇంట్లో వేణ్ణీళ్ళ కాపడం పెట్టి, పసుపూ సున్నం పట్టు వేసి, ఎవరో ఒకరు బొటనవేళ్ళతో కసిదీరా పిసికేవారు. కొత్త దెబ్బకు వేడి తగిలినా, నలిపినా వాపు పెరుగుతుంది. మొదటి రెండు రోజులు విశ్రాంతి ఇవ్వాలి, గుడ్డలో ఐసు చుట్టి పెట్టాలి, సాగే కట్టు కట్టాలి, కాలిని దిండు మీద ఎత్తి ఉంచాలి. ఇది చెప్పడానికి ప్రతి సోమవారం ప్రార్థన సమయంలో మైకు పట్టుకునేవాణ్ణి. పనిలో పనిగా మూఢనమ్మకాల మీద కూడా ఉపన్యాసం దంచేవాణ్ణి. ఆ ఉపన్యాసాలు తర్వాత నాకే తగిలాయి.

మా బాలికల కబడ్డీ జట్టులో సువార్త అని ఎనిమిదో తరగతి పిల్ల ఉండేది. పదమూడేళ్ళు. కూతకు వెళ్ళి, ఇక వెనక్కి వచ్చేస్తున్నట్టు నమ్మించి, తిరక్కుండానే మడమతో వెనక్కి తన్ని అవతలి పిల్లను తాకి వచ్చేది. మా భాషలో దీన్ని బ్యాక్ కిక్ అంటారు. పెద్ద ఆటగాళ్ళకే సరిగ్గా కుదరని విద్య ఇది. ఇంత శుభ్రంగా ఎక్కడ నేర్చుకున్నావని అప్పుడే అడిగి ఉంటే, నాకు చాలా శ్రమ తప్పేది. పుట్టుకతో వచ్చిన ప్రతిభ అనుకుని మురిసిపోయాను. అదీ ఒక విధంగా నిజమేనని తర్వాత తెలిసింది.

సెప్టెంబరు చివర్లో విజయవాడ స్టేడియంలో క్రీడా హాస్టలుకు ఎంపికలున్నాయి. సీటు వస్తే పదో తరగతి దాకా తిండి, చదువు, ఆట అన్నీ వాళ్ళే చూసుకుంటారు. మరుసటి ఏడాదికి సువార్త వయసు దాటిపోతుంది. వాళ్ళ నాన్న చెరుకు నరికే పనికి వెళ్ళేవాడు. ఆయన నాతో ఒకే మాట అన్నాడు. "సీటొస్తే సరే సార్. రాకపోతే వచ్చే ఏడు నాట్లకి మాతోపాటు పొలంలో దిగుద్ది." అందులో కోపమేమీ లేదు, ఉన్న సంగతి చెప్పాడంతే.

జూలైలో కాలవలకు నీళ్ళొదిలారు, ఊరంతా నాట్లలో పడింది. సరిగ్గా అప్పుడే సువార్తకు కుడి మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైంది. అక్కడ చిన్న బొడిపె లేచింది, వేలు పెడితే పిల్ల ఉలిక్కిపడేది. బస్సెక్కించి విజయవాడ పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరుకు చూపించాను. పెరిగే వయసులో ఎముక ఇంకా గట్టిపడి ఉండదనీ, తొడ కండరం మాటిమాటికీ గట్టిగా లాగితే అది అతుక్కున్న చోట ఎముక నొచ్చుకుంటుందనీ ఆయన వివరించారు. కొంతకాలం గెంతడం, తన్నడం మానేసి, ఐసు పెట్టి, తొడ కండరాన్ని మెల్లగా సాగదీసే కసరత్తులు చేస్తే తగ్గిపోతుందన్నారు. ఫుట్‌బాల్ ఆడుతుందా అని అడిగారు. మా మండలంలో ఫుట్‌బాల్ అనేదే లేదన్నాను. ఆయన మోకాలిని మరోసారి చూసి, "తన్నేవాళ్ళ మోకాలండీ ఇది" అన్నారు. డాక్టరుగారు పట్నవాసం మనిషి, ఆయనకేం తెలుసులే అనుకున్నాను.

సువార్తను ఆట మాన్పించి, స్కోరు పలక చేతికిచ్చి గట్టు మీద కూర్చోబెట్టాను. సెంటర్లో సోడాకొట్టు నుంచి రోజూ ఐసు తెప్పించాను. తగ్గాలి. కానీ తగ్గలేదు. రిజిస్టరు తిరగేస్తే విచిత్రం కనిపించింది. శనివారానికి నొప్పి నెమ్మదించేది, సోమవారానికి పెరిగేది. బుధవారానికి నెమ్మదించేది, శుక్రవారానికి మళ్ళీ పెరిగేది. ఆదివారం, గురువారం ఏదో జరుగుతోంది.

నా పరిశోధక బుద్ధి నేరుగా చర్చికి పోయింది. ఆదివారం ఆరాధనలోనూ, గురువారం ఇంటి ప్రార్థనలోనూ పిల్ల గంటలతరబడి మోకాళ్ళూనుతోందని తీర్మానించాను. సైకిలు మీద వెళ్ళి పాస్టరు గారికి మోకాలి నిర్మాణం బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "దేవుడికి మోకాళ్ళెందుకు మాస్టారూ, మనసు చాలు. కుర్చీ వేయిస్తాను" అన్నారు. ఇంకేదో చెప్పబోయి ఆగి, నడుం పట్టుకుని మెల్లగా లేచారు. ఆ ఆదివారం పెద్దలంతా చాపల మీద కూర్చుంటే సువార్త మాత్రం ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుందట. సోమవారం నొప్పి మామూలే.

ఆగస్టు వచ్చింది. స్వాతంత్ర్యానికి యాభయ్యేళ్ళు నిండాయని హెడ్మాస్టరు పాండురంగారావు గారు గ్రౌండులో సున్నం గీతలు రెట్టింపు గీయమన్నారు. ఆయన మాట తూచినట్టు మాట్లాడే మనిషి. ఇస్త్రీ మడత నలగనివ్వరు. పద్నాలుగో తేదీన వంగి గీతలు గీస్తూ గీస్తూ నేను ఇక లేవలేకపోయాను. నడుం పట్టేసింది. మర్నాడు జెండా వందనం నేలను చూస్తూనే చేశాను. పిల్లలు దాన్ని దేశభక్తి అనుకున్నారు.

హెడ్మాస్టరు గారు నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించారు. "చర్చి వీధిలో ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళెవరో ఉన్నారంటండీ. ఆదివారం పొద్దున్నే వెళ్ళండి. నాకు వివరాలు తెలియవు, విన్నానంతే."

తెలియని పాఠకుల కోసం ఒక మాట. కాన్పులో తల బదులు కాళ్ళు ముందు వచ్చిన బిడ్డను ఎదురుకాళ్ళతో పుట్టారంటారు. అలాంటివాళ్ళు నడుం మీద తంతే పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. ఆ ఊళ్ళో దానికి నిబంధనలున్నాయి. ఆది, గురువారాల్లోనే తన్నించుకోవాలి. మూడు తన్నులు. తన్నేవాళ్ళూ తన్నించుకునేవాళ్ళూ పాచిమొహంతో ఉండాలి. వెనక్కి తిరిగి చూడకూడదు, మాట్లాడకూడదు. సోమవారం సోమవారం మైకులో నేను ఏకిపారేసే జాబితాలో ఇది మూడోది.

ఆదివారం తెలతెలవారుతుండగా, తలకు తువ్వాలు చుట్టుకుని వెళ్ళాను. ఒక గోడకు ఎదురుగా ఎనిమిది మంది వరసగా నిలబడి ఉన్నారు. నాట్లు వేసి వేసి నడుములు పట్టేసిన ఆడవాళ్ళు, ఇద్దరు ముగ్గురు రైతులు. నా ముందున్న మనిషి పాస్టరు గారు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని, నిబంధన ప్రకారం మాట్లాడకుండా గోడ వైపు తిరిగాం.

వరస అవతలి కొస నుంచి చప్పుడు మొదలైంది. తప్, తప్, తప్. కాసేపు ఆగి, పక్కమనిషికి మళ్ళీ మూడు. నేను వృత్తిరీత్యా అడుగుల చప్పుడు వినడం అలవాటైనవాణ్ణి. తన్ను శుభ్రంగా మడమతో పడుతోంది. కానీ నడకలో కుడికాలి దగ్గర చిన్న తడబాటు ఉంది. ఈ మనిషికి కుడి మోకాలు బాగాలేదే అనుకునే లోపల నా వంతు వచ్చింది. మొదటి తన్ను పడింది. రెండోది పడింది. ఆ తన్ను నాకు తెలుసు. జట్టులో ఇంకెవరికీ రాని తన్ను అది. నిబంధన మరిచిపోయి వెనక్కి తిరిగాను.

"సార్!" అంది సువార్త, మూడో తన్నుకు ఎత్తిన కాలు గాల్లోనే ఉంచి.

నాకు సిగ్గూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఆట మానమంటే ఇదేం పని అని కేకలేశాను. ఆ పిల్ల బెదిరిపోయి, "గ్రౌండులో తన్నొద్దన్నారు సార్. ఇంటికాడ సంగతి మీరడగలేదు కదా" అంది. నిజమే. నా రిజిస్టరులో అన్ని గళ్ళున్నా ఆ గడి లేదు.

వాళ్ళ నాయనమ్మ మరియమ్మ గడప దగ్గర నుంచి కలగజేసుకుంది. "అది ఆట కాదుగా బాబూ. నడుం పట్టుకుని వాకిట్లోకొచ్చినోళ్ళని పొమ్మని ఎట్టా అంటాం? పాపం చుట్టుకోదూ?" నాట్ల కాలంలో రోజుకు పదిహేను మంది దాకా వస్తారట. మనిషికి మూడు. సెలక్షను పోతుందమ్మా అంటే ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పోనీ ఎడమకాలితో తన్నమన్నాను. ఎడమకాలితో తన్నించుకోవడానికి మేమేం తప్పు చేశామని వరసంతా గొడవకు దిగింది. పాస్టరు గారు కూడా వాళ్ళతోనే ఉన్నారు.

నడుం సంగతి అడుగుతారేమో. వదిలింది. చాలా నడుం పట్లు నాలుగు రోజుల్లో వాటంతట అవే వదులుతాయి, అది నాలుగో రోజు. అంతకు మించి వ్యాఖ్యానించను.

సోమవారం హెడ్మాస్టరు గారి గదికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఊళ్ళో ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే పిల్ల బతికిపోతుందనీ, ప్రార్థనలో మైకులో అడగనివ్వండనీ బతిమాలాను. ఆయన లేచి తలుపు మూశారు.

"మా అమ్మ నన్ను కాళ్ళతోనే కందండీ" అన్నారు.

మొదట ఉద్యోగంలో చేరిన ఊళ్ళో ఈ సంగతి పొక్కి, పాఠం చెప్పే తీరిక లేకుండా పోయిందట. బదిలీ పెట్టుకుని బయటపడ్డారట. అప్పటినుంచీ పుట్టుక ప్రస్తావన వస్తే తేదీ ఒక్కటే చెబుతారట. తను తప్పించుకోవడానికే నన్ను చర్చి వీధికి పంపారన్నమాట. నాకు అనాలనిపించింది చాలా ఉంది, కానీ ఆయన గెజిటెడ్ అధికారి.

ఆయన కిటికీలోంచి గ్రౌండు వైపు చూశారు. సువార్త గట్టు మీద మోకాలి మీద ఐసు గుడ్డ పెట్టుకుని, స్కోరు పలక మీద సుద్దముక్కతో అంకెలు వేస్తోంది. "సెలక్షనుకు ఎన్నాళ్ళుందండీ?" అన్నారు. అయిదు వారాలన్నాను. "గురువారం ఎన్నింటికి రావాలి?" అన్నారు.

గురువారం తెల్లవారుజామున హెడ్మాస్టరు గారు పంచె కట్టుకుని, కాఫీ తాగని మొహంతో వచ్చారు. గెజిటెడ్ తన్నుకు బలం ఎక్కువని ఊరు క్షణంలో ఒప్పేసుకుంది. మొదటి నాలుగు తన్నులూ దుమ్ము దులిపినట్టు పడ్డాయి. సువార్త కుర్చీలో కూర్చుని ఆయనకు శిక్షణ ఇచ్చింది. "మోకాలు బిగబట్టొద్దు సార్. మడమతో, మడమతో." నేను ఒక షరతు పెట్టాను. ముందు పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కే కసరత్తులు చేశాకే తన్నాలి. నా సర్వీసులో ఒక హెడ్మాస్టరు నేను చెప్పినట్టు చేతులు ఊపి, గుంజీళ్ళు తీసింది ఆ ఒక్కచోటే.

మూడో వారంలో తనిఖీకి వచ్చిన డిప్యూటీ ఈవో గారికి జీపు ప్రయాణంలో నడుం పట్టింది. పై అధికారిని తన్నడానికి సర్వీసు నిబంధనలు ఒప్పుకోవని మా హెడ్మాస్టరు గారు అభ్యంతరం చెప్పారు. డిప్యూటీ ఈవో గారు కాగితం తీసుకుని, తన్నవలసిందిగా కోరుతూ స్వయంగా అర్జీ రాసిచ్చారు. దాన్ని ఫైలులో పెట్టుకున్నాకే హెడ్మాస్టరు గారు కాలెత్తారు.

ఈలోగా సువార్త మోకాలు నాలుగు సోమవారాలు వరసగా నెమ్మదిగా ఉంది. చివరి వారాల్లో కొంచెం కొంచెంగా పరుగు, తర్వాత గెంతు, ఆఖరున కూత మొదలుపెట్టించాను. నొప్పి ఉంటే ఆగమన్నాను. ఎంపికల రోజు పరుగు పందెంలో మధ్యలో ఎక్కడో నిలిచింది. కబడ్డీ కోర్టులో మాత్రం మూడు కూతల్లో ముగ్గురిని మడమతో తాకి వచ్చింది. ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా అని ఎంపిక అధికారి అడిగారు. సువార్త నా వైపు చూసి, "ఊళ్ళో ప్రాక్టీసు సార్" అంది. సాయంత్రం జాబితాలో తన పేరు చదివారు. సంతోషం పట్టలేక నేను బస్సు సంగతి మరిచి బందరు రోడ్డు మీద పటమట దాకా ఆ పిల్లను నడిపించాను. సగం దారిలో మోకాలు గుర్తొచ్చి, నన్ను నేనే తిట్టుకుని రిక్షా ఎక్కించాను.

ఆ పిల్ల హాస్టలుకు వెళ్ళిపోయింది. హెడ్మాస్టరు గారు వరసలోంచి తప్పుకోలేకపోయారు. చెరుకు నరుకుళ్ళ కాలానికి ఆయన కుడి మోకాలు వాచింది. గాయాల రిజిస్టరులో రాశాను. వయసు యాభై అయిదు. ఆట అన్న గడి ఖాళీగా వదిలాను. చేసిన వైద్యం అన్న గడిలో, బదిలీకి దరఖాస్తు అని రాశాను.

ఆ తర్వాత పనిచేసిన ప్రతి స్కూల్లోనూ రిజిస్టరుకు ఒక గడి ఎక్కువ గీశాను. ఇంటి దగ్గర ఈ కాలితో, ఈ చేత్తో ఏం చేస్తావు అని. 2004లో పటమటలో ఒక బౌలరు భుజం నొప్పికి కారణం బౌలింగు కాదు, రోజూ పొద్దున వాళ్ళ నాన్న కొట్టు ఇనుప షట్టరు ఎత్తడం. ఆ గడి లేకపోతే నేను ఆ పిల్లవాడి బౌలింగు మాన్పించేవాణ్ణి. పిల్లలకు నొప్పి తగ్గకపోతే ఇంకా విశ్రాంతి ఇవ్వడం కాదు, మిగతా రోజంతా ఏం చేస్తున్నారో అడగాలి. నేను అడగలేదు, అందుకే నాకు రెండు తన్నులు పడ్డాయి. మూడోది బాకీ ఉందని సువార్త ఇప్పటికీ ఫోనులో గుర్తుచేస్తుంది.