జెండా పీలిక

"నిన్ను గాళ్లింటికి ఎవలు పొమ్మన్నరు అవ్వా?"

"ఎవలు జెప్పాలెరా? కాళ్లున్నయి, బస్సున్నది, పోయిన."

"పోయి ఏం జెప్పినవ్?"

"ఉన్నదే జెప్పిన. రేపు పొద్దుగాల కారు పంపుతమన్నరు. కోరుట్ల సభల స్టేజెక్కి తప్పైందని ఒక్క మాట అను. నోరేం అరుగదు."

"అరుగుతది. గా మాట అంటే సినిమా అంత అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టయితది."

"ఒప్పుకో! అయిదేండ్ల సంది ఒప్పుకోక ఏం సంపాయించినవ్? తల నెరిసింది, గంతే."

వాడు నా కన్నకొడుకు, సినిమా డైరెక్టరు. సిరిసిల్లలో మా వాడకట్టు మీద ఆ మాట ఇప్పుడు ఎవరూ పైకి అనరు. "మీ కొడుకు ఏం జేస్తున్నడు?" అని అడిగినవాళ్లే, నేను నోరు తెరిచేలోపు ఎండల గురించి మాట్లాడతారు.

పన్నెండేళ్లు హైదరాబాదులో ఒకరి తర్వాత ఒకరి కింద పనిచేసి, చివరికి తన పేరు మీద ఒక్క సినిమా తీశాడు. మా సాంచాల మీదే, అంటే మరమగ్గాల మీదే తీశాడు. ఎన్నికలు వస్తే మా ఊరి మరమగ్గాలన్నీ జెండా గుడ్డ నేస్తాయి. పొద్దున ఒక పార్టీ రంగు దిగితే సాయంత్రానికి ఇంకో పార్టీ రంగు ఎక్కుతుంది. నేసేవాడు రంగు చూడడు, పోగు తెగకుండా చూసుకుంటాడు. అలాంటి ఒక పనివాడి కథ అది.

మా షెడ్డులోనే కెమెరా పెట్టారు. పనివాడు సాంచా నుంచి కారిన నూనె తుడిచే చోట, కొడుకు ఒక తెల్లగుడ్డ కావాలన్నాడు. నేను ఊరుకుంటానా? నూనె తుడవడానికి కొత్త గుడ్డ పాడుచేస్తారా అని కసిరి, మూలనున్న మూటలోంచి ఒక పీలిక లాగి ఇచ్చాను. అది జెండా గుడ్డ పీలిక. మా షెడ్డులో ఏ పార్టీ ముక్క మిగిలినా నూనెకే పోతుంది. నా కంటికి అందులో రంగు ఆనలేదు. వాడు ఒక్క నిమిషం దాన్నే చూసి, "ఉండనియ్యి, నిజంగ గిట్లనే ఉంటది గదా," అన్నాడు.

తెర మీద ఆ రంగు గోడంత కనబడింది. జగిత్యాల థియేటర్ ముందు ఆ రంగు పార్టీ నాయకుడి మనుషులు చేరి, "మా జెండతోని నూనె తుడిపిస్తడా?" అని అరిచారు. రెండో రోజుకు పోస్టర్లు లేవు. సినిమాకు డబ్బు పెట్టినాయన ఫోన్ ఎత్తలేదు. సీరియల్ ఇస్తామన్నవాళ్లు వారం తిరగకముందే వద్దన్నారు. పేరు వేయకుండా రాసిపెట్టమన్నవాళ్లు కొన్నాళ్లు రాయించుకుని, వాళ్లూ మాయమయ్యారు.

"బాపును బ్లాక్‌లిస్టుల వెట్టిండ్రు బాపమ్మా," అంది మనవరాలు.

"గా లిస్టు ఏ ఆఫీసుల ఉన్నదో జెప్పు. పోయి పేరు కొట్టేపిచ్చుకొస్త," అన్నాను.

తండ్రీ బిడ్డలిద్దరూ నవ్వారు. అది కాగితం మీద ఉండదట. కాగితం లేనిదాంట్లోంచి పేరు ఎట్లా కొట్టేయించాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు వాడు జగిత్యాలకు రోజూ బస్సులో పోయి ఎవరిదో స్టూడియోలో పెళ్లి వీడియోలు ముక్కలు కోసి అతికిస్తాడు. ఆ పని కూడా ఎన్నాళ్లుంటుందో. వాడి ఫోన్ మోగినప్పుడల్లా ఇంట్లో ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోతాం.

ఆ పీలిక మా అవ్వ ఇచ్చిందని వాడు ఇన్నేళ్లలో ఒక్కరితోనూ అనలేదు. నాతో కూడా అనలేదు. ఒక్కసారి అని ఉంటే నేనూ నాలుగు మాటలు తిట్టి ఊరుకునేదాన్ని. అనకపోవడమే నాకు అన్నం సహించనివ్వలేదు. అందుకే ఆ రోజు వాడికి చెప్పకుండా పొద్దున్నే బస్సెక్కాను.

కోరుట్ల నా పుట్టినూరు. ఆ నాయకుడి వెంట తిరిగే మనిషి మా పుట్టింటి పక్కింటివాడే, చిన్నప్పుడు నేను ఎత్తుకుని తిప్పినవాడే. "కూసో అక్కా," అని కుర్చీ వేశాడు. నేను నిలబడే చెప్పాను.

"తమ్మీ, తప్పు మావోనిది గాదు, నాది. గా గుడ్డ ఇచ్చింది నేను. అనేదుంటే నన్నను. వాణ్ని పని జేసుకోనియ్యి."

పక్కన ఒకడు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. ఫోన్ లేని చెయ్యి ఇప్పుడెక్కడుంది? పట్టించుకోలేదు. "రేపటి సభకు పంపు అక్కా, ఒక్క మాటతోని అంత అయిపోతది," అని టీ తెప్పించాడు. సరేనని తాగి వచ్చాను.

సాయంత్రం ఆ సంగతి బయటపడే మా కొట్లాట మొదలైంది. ఇంకా గొంతులు దిగకముందే మనవరాలు ఫోన్ తీసుకుని వచ్చింది.

"బాపమ్మా, గీమె నువ్వే గదా?"

నేనే. నెత్తిన కొంగు నాదే, నోరు నాదే. "తప్పు మావోనిది," అంటున్నాను. అంతే. మళ్లీ మొదటినుంచి, "తప్పు మావోనిది." కింద రాసి ఉన్నది మనవరాలు చదివింది: కన్నతల్లే ఒప్పుకుంది.

"గాదు అన్న గదనే! గాదు, నాది అన్న. ఆ 'గాదు' ఏది?"

కొడుకు ఫోన్ తీసుకుని నాలుగుసార్లు చూశాడు. వేలు పెట్టి చూపించాడు.

"గిక్కడ కోసిండ్రు అవ్వా. నీ నోరు ఇంక తెరిచే ఉన్నది, చూడు. మాట అయిపోతే నోరు మూసుకుంటది. కోసినోనికి పని రాదు."

"నవ్వుతున్నవారా?"

"ఏడిస్తే గా ముక్క మల్లొస్తదా?"

నన్ను తిడతాడని చూశాను. తిట్టలేదు. ఫోన్ బిడ్డ చేతికిచ్చి, "ఇప్పుడు జెప్పు అవ్వా. రేపు పొమ్మంటే పోత," అన్నాడు.

పొద్దంతా ఆ మాట కోసమే తిరిగాను. తీరా వాడే అన్నాక నా లెక్క తిరగబడింది. పోతే, వాడు స్టేజి మీద వంద మాటలు చెప్పినా వాళ్లు తమకు కావలసిన ఒక్క ముక్కే ఉంచుకుంటారు. పోకపోతే ఆ స్టూడియోకు ఒక్క ఫోన్ కొట్టడం వాళ్లకు ఎంతసేపు? "ముందుగాల బువ్వ తిను," అని వడ్డించాను.

తెల్లవారి ఏడు గంటలకు కారు వచ్చింది. కొడుకు నల్లా దగ్గర పళ్లు తోముకుంటున్నాడు. కారులోంచి ఒకతను దిగి, "అమ్మా, సారును తయారుగమ్మను. టైం అయితుంది," అన్నాడు.

"రాడు."

"నిన్న నువ్వే పంపుతనన్నవట గదా?"

"అన్న. నా మాట కోసినోళ్ల కాడికి ఇప్పుడు పంపుతలేను."

అతను పక్కకు పోయి ఫోన్‌లో, "తల్లే వద్దంటుందన్నా," అన్నాడు. అవతల వాళ్లు చెప్పింది చాలాసేపు విన్నాడు. తిరిగి వచ్చి, "మల్ల మేం రాం. తర్వాత మమ్మల్ని అనొద్దు," అన్నాడు.

"అన. పోండ్రి," అన్నాను.

కారు వేములవాడ రోడ్డు వైపు తిరిగింది.

"పోయిందా?" అని నల్లా దగ్గరనుంచి కొడుకు అడిగాడు.

"పోయింది," అన్నాను. వాడు లోపలికి వచ్చాక, పగలే తలుపు గొళ్లెం పెట్టాను.