పెద్ద తెర మీద రాని మొఖాలు

ఆ రోజుల్ల నాకు రానిదంటూ ఏదీ లేదని గట్టిగ నమ్మేదాన్ని. డిగ్రీ అయిపోయి, గోదావరిఖనిల ఒక చిన్న కంప్యూటర్ సెంటర్‌ల పనికి కుదిరి నాలుగు నెలలాయె, రెండు వెబ్‌సైట్లు చేసిన (అందుల ఒకటి నాదే). గా ధైర్యంతోనే మా పెద్దబాపుకు మాటిచ్చిన. మూతపడ్డ ఒక బొగ్గుబాయిల పనిచేసి రిటైరైనోళ్లందరు కలిసే రోజుకు, వాళ్ల పాత ఫోటోలన్నీ పెట్టి వెబ్‌సైట్ చేసిస్తనన్న. పెద్దబాపు అదే బాయిల సర్దార్. కొత్తగ దిగినోళ్లకు తొవ్వ చూపి పని చెప్పుడు ఆయన డ్యూటీ.

ఇల్లిల్లు తిరిగి ఫోటోలు తెచ్చి, స్కాన్ చేసి, సైట్‌కు ఎక్కించిన. నా కంప్యూటర్‌ల పేజీ తెరిస్తే ఒక్కో మొఖం మంచిగ కనబడ్డది. ఇంకో కంప్యూటర్‌ల గూడ చూడాలెనన్న ఆలోచనే రాలే.

ఆ ఆదివారం చర్చి పక్క హాలు నిండిపోయింది. బెల్లంపల్లి నుంచి ఒక అవ్వ పొద్దుగాలనే బస్సెక్కి వచ్చి ముందు వరుసల కూసున్నది. ఆమె పెనిమిటి పోయి చానా ఏండ్లాయె. ఆయన ఫోటో దోస్తు ఇంట్ల దొరికిందని తెలిసి, చూడనీకి వచ్చింది. నేను హాలు లాప్‌టాప్‌ల సైట్ తెరిచిన. పెద్ద తెర మీద పేర్లన్నీ వచ్చినయ్, మొఖం ఒక్కటి గూడ రాలే. ప్రతి పేరు మీద ఖాళీ డబ్బా, దాని మూలకు చినిగిన కాగితం అసొంటి బొమ్మ.

"నెట్ స్లో ఉన్నది" అన్న (పచ్చి అబద్ధం). మళ్ల తెరిచిన, మళ్ల తెరిచిన.

"మా ఆయన ఏడి బిడ్డా?" అన్నది అవ్వ.

పెద్దబాపు వచ్చి పక్కన నిలబడ్డడు. "ఫోటోలు యాడ పెట్టినవ్?"

"సైట్‌ల, అప్‌లోడ్స్ అనే ఫోల్డర్‌ల."

"మరి పేజీకి యాడున్నయని చెప్పినవ్? సదువు."

సదివిన. డి డ్రైవ్, నా పేరు, కొత్త ఫోల్డర్...

"గది నీ కంప్యూటర్ అడ్రస్ కదనే! ఈ లాప్‌టాప్‌కు ఎట్ల ఎర్క? బాయిల నేను నిలబడ్డ కాడ నుంచి ఎడమకు పొమ్మంటే, ఇంకో కాడ ఉన్నోడు తప్పిపోతడు. బాయి దిగిన కాడ నుంచి చెప్పాలె. గప్పుడు అందరికీ ఒకటే తొవ్వ."

మౌస్ గూడ పట్టని మనిషి! నోరు తెరిచి చూసిన. రాసిందంత కొట్టేసి, సైట్ మొదటి నుంచి తొవ్వ రాసిన. మొఖాలు ఒక్కొక్కటే తేలినయ్. మీసాలు రాని మొఖాలు, బొగ్గు మసిల తెల్లగ మెరిసే పండ్లు. ఒక కాక కర్ర పట్టుకొని లేచి నిలబడ్డడు. ఆయన ఎనుక అందరు లేచిన్రు.

అవ్వ పెనిమిటి ఒక్కడే రాలే. చూస్తే, ఆ ఫైల్ పేరు చివర జేపీజీ అని పెద్దక్షరాలల్ల ఉన్నది, నేను చిన్నక్షరాలల్ల రాసిన. నా కంప్యూటర్ ఆ తేడాను పట్టించుకోలే, సైట్ ఉండే సర్వర్ పట్టించుకున్నది. దిద్దిన.

తెర నిండ ఆయనే. షిఫ్టు దిగి, ఒళ్లంత మసితోటి, దోస్తు భుజం మీద చెయ్యేసి పగలబడి నవ్వుతున్నడు. అవ్వ తెర దగ్గరికి పోయి చానా సేపు అట్లనే చూసింది.

"ఇంటికొస్తె అలిసి మాట గూడ రాకపోయేది. ఈడ గిట్ల నవ్వుతుండెనా?"

"రోజూ మమ్ములను గూడ నవ్విస్తుండె వదినా" అన్నడు, ఫోటో దాచిన ఆ దోస్తు ఎనుక వరుసల నుంచి.

అవ్వ నా తల మీద చెయ్యి పెట్టి, "మంచిగ సదువుకున్నవ్ బిడ్డా" అన్నది. తప్పు నాదేనని చెప్పాలెననుకున్న, మాట నోటిదాక వచ్చి ఆగింది. తల వంచి దీవెన తీసుకున్న. గప్పటి నుంచి ఎన్ని సైట్లు చేసిన్నో లెక్క లేదు. ఆ తల వంచిన పిల్ల యాదికొస్తే మాత్రం ఇప్పటికీ సిగ్గయితది, కొంచెం నవ్వు గూడ వస్తది.